ఆరుగురికి రెండు తలుపుల కారు

మా పట్టణంలో కిడ్నీలు పాడైన ఆరుగురి కోసం మునిసిపాలిటీ రెండు తలుపుల స్పోర్ట్స్ కారు కొన్నది. ఎర్రది. ఇందులో ఎవరూ తిన్నది లేదు. తిని ఉంటే నాకు సులువయ్యేది. ఒక ధర్నా చేసి, నాలుగు తిట్లతో కరపత్రం వేసి ఊరుకునేవాణ్ని. కానీ అంతా పద్ధతి ప్రకారం, నిబంధన ప్రకారం, పదకొండు సంతకాలతో జరిగింది. అందుకే ఇంత రాయాల్సి వస్తోంది.

ముందు ఆ ఆరుగురి సంగతి. అందరూ మా బీడీ కాలనీ వాళ్లే. సోమ, బుధ, శుక్రవారాలు జిల్లా ఆస్పత్రికి పోయి నాలుగేసి గంటలు డయాలసిస్ మిషన్ మీద పడుకోవాలి. ఆస్పత్రి నలభై కిలోమీటర్లు. ఒక్క రోజు తప్పితే కాళ్లు ఉబ్బుతాయి. రెండు రోజులు తప్పితే పడుకుంటే ఊపిరాడదు, గోడకు ఆనుకుని కూర్చోవాల్సిందే. మూడో రోజు గురించి కాలనీలో ఎవరూ మాట్లాడరు. పోయిన ఎండాకాలం దాకా వీళ్లు ఏడుగురు. పొద్దున ఆరింటి బస్సు ఎత్తేశాక ఆరుగురయ్యారు. అప్పట్నుంచి దొరికిన షేర్ ఆటోలో ఇరుక్కుని పోతున్నారు.

వాళ్లలో పెద్దది బూదవ్వ. యాభై ఏళ్లు బీడీలు చుట్టింది. కిడ్నీలు పోయాయి గానీ నోరు ఇంకా గట్టిగానే పనిచేస్తోంది. నేను బీడీ కార్మికుల సంఘం కార్యదర్శిని కాబట్టి దరఖాస్తు రాయమని నా దగ్గరికే వచ్చింది.

"కనకయ్యా, మాకు ఇమానం వద్దు బిడ్డా. ఆరుగురం గూసునేటి బండి ఒక్కటి అడుగు. తలుపు జర పెద్దగుండాలె. నడుములు వంగుతలెవ్వు."

అదే రాశాను. ఒకే వాక్యం. ఆరుగురు రోగులు కూర్చొని పోయి రావడానికి ఒక వ్యాను ఇప్పించగలరు. రెండో వాక్యం రాస్తే దాని మీద వేరే ఫైలు తెరుస్తారు, నాకు ఇరవై ఏళ్ల అనుభవం.

మునిసిపల్ ఆఫీసులో సూపరింటెండెంట్ హనుమాండ్లు. మంచివాడే. టీ తాగిస్తాడు, కుర్చీ వేయిస్తాడు. ఆయన నమ్మకం ఒక్కటే: ఇంతకుముందు జరగనిది ఏదీ ఇప్పుడు జరగడానికి వీల్లేదు. ప్రతి కొత్త ఫైలు కింద ఒక పాత ఫైలు కట్టాలి. దాన్ని ఆ ఆఫీసులో 'ముందు ఫైలు' అంటారు. ముందు ఫైలు ఉంటే కొత్తది దానంతటదే నడుస్తుంది, పేర్లు మార్చి రాసుకుపోవడమే పని. లేకపోతే ఎంతటివాడి దరఖాస్తయినా బల్ల దాటదు. ఒకసారి శ్మశానానికి గేటు అడిగాం. ముందు ఫైలుగా పశువుల ఆస్పత్రి గేటు దొరికింది. ఇప్పటికీ మా శ్మశానం గేటు మీద "చూడి పశువులకు ప్రాధాన్యం" అని రాసి ఉంటుంది. శవాల్లో ఎవరూ అభ్యంతరం చెప్పలేదని హనుమాండ్లు ఆ ఫైలు మూసేశాడు.

"రోగుల వ్యానుకు ముందు ఫైలు లేదు కనకయ్యా," అన్నాడు. "ఈ ఆఫీసు మొదలైనకాడి నుంచి మనుషులు కూర్చునే బండి కొన్నది ఒక్కటే. చైర్మన్ సార్ కారు."

"అయితే దాన్నే కట్టండి," అన్నాను.

తప్పు నాదే. ఆ మాట అనకపోతే మాకు వ్యాను రాకపోయేది, అంతే. ఇంత జరిగేది కాదు.

చైర్మన్ కారు ఫైలులో ఒక మార్కుల పట్టిక ఉంది. నూరు మార్కులు. వేగానికి ఇరవై ఐదు. చూసేవాళ్ల మీద పడే ముద్రకు ఇరవై. సీటు తోలుకు పదిహేను, రోడ్డు పట్టుకు పదిహేను. పాటల పెట్టెకు పది, లోపలి సువాసనకు పది. మిగిలిన ఐదూ పట్టణ గౌరవానికి. ఎంతమంది పడతారన్న గడి లేదు, చైర్మన్ ఒక్కడే కదా. ధర గడి కూడా లేదు. హనుమాండ్లు పట్టికలో చైర్మన్ అన్నచోటల్లా కొట్టేసి రోగి అని రాయించాడు. దాంతో "రోగి వాహనము నుండి దిగునపుడు ప్రజలపై పడు ముద్ర" అన్నది అధికారికంగా ఇరవై మార్కుల విషయం అయిపోయింది.

కమిటీ వేశారు. అధ్యక్షుడు కమిషనర్ ప్రభంజనరావు. ఆయన మాట్లాడితే ఎవరో డిక్టేషన్ తీసుకుంటున్నట్టు ఉంటుంది. సమగ్ర తులనాత్మక మూల్యాంకనం అనే మాట ఆ వారంలో నేను విన్నన్నిసార్లు నా పేరు మా ఇంట్లో వినలేదు. సంఘం తరఫున నన్ను కూడా కూర్చోబెట్టారు. మాట్లాడటానికి కాదు, హాజరు వేయడానికి.

మొదట పన్నెండు సీట్ల తెల్ల వ్యానును మూల్యాంకనం చేశారు. వేగానికి మూడు. ముద్రకు సున్న. తోలు లేదు, సున్న. రోడ్డు పట్టుకు నాలుగు. రేడియో ఉంది, రెండు. కొత్త రెగ్జిన్ వాసన బాగానే ఉందని కమిటీలోని మునిసిపల్ ఇంజినీరు జాలిపడి ఇంకో రెండు వేయించాడు. గౌరవానికి మళ్లీ సున్న. మొత్తం పదకొండు. ముప్పై ఐదు వస్తే పాసు. వ్యాను ఫెయిలు. తర్వాత అంబులెన్స్ వచ్చింది. సైరన్‌ను పాటల పెట్టె కింద లెక్కగట్టినా పద్దెనిమిది దాటలేదు.

కనీసం మూడు బళ్లు పోల్చాలని నిబంధన. మూడోదాని కోసం ఇంజినీరు జిల్లా కేంద్రంలో కొత్తగా తెరిచిన విదేశీ కార్ల షోరూం నుంచి నిగనిగలాడే పుస్తకం తెచ్చాడు. అందులో ఒక కూపే ఉంది, అంటే రెండు తలుపుల స్పోర్ట్స్ కారు. తొంభై నాలుగు మార్కులు కొట్టింది. ఆ ఆరు మార్కులు ఎక్కడ పోయాయో వెతకడానికి కమిటీకి ఇంకో పూట పట్టింది.

పుస్తకంలో దాని పేరు కింద ప్రవేశ స్థాయి లగ్జరీ అని ఉంది. కమిషనర్ దాని కింద ఎర్ర గీత గీశాడు. "ప్రవేశ స్థాయి అనగా ఆ కంపెనీ తయారు చేయు వాటిలో అతి చిన్నది, అతి సాదాది. ప్రజాధనం విషయంలో ఈ కార్యాలయం ఎంత సంయమనం పాటిస్తున్నదో దీని వలన రుజువగుచున్నది."

ఎంతమంది పడతారని నేను అడిగాను. హాజరు వేయడానికి వచ్చినవాడు అడగకూడదని గుర్తుచేసి, అయినా దయతో జవాబిచ్చాడు.

"ఆరుగురిని ఒకేసారి తీసుకుపోవుట పాత ఆలోచన. ఒక్కరినైననూ ఎంత త్వరగా తీసుకుపోయితిమి అన్నదే నేటి పాలన."

పక్కన కూర్చున్న అందరూ రాసుకున్నారు. నేనూ రాసుకున్నాను, మరచిపోకూడదని.

కొనే ముందు లబ్ధిదారుల అభిప్రాయం తీసుకోవాలని మళ్లీ ఒక నిబంధన. బూదవ్వను కమిటీ జీపులో షోరూంకు తీసుకుపోయారు. అక్కడ రెండు కూపేలు పెట్టారు, ఒకటి ఎర్రది, ఒకటి బూడిద రంగుది. కమిటీ వాటిని తూచింది. కమిషనర్ ఒక్కో తలుపు ఏడుసార్లు వేసి, కళ్లు మూసుకుని చప్పుడు విన్నాడు. ఎర్రదాని చప్పుడులో హుందాతనం ఉందన్నాడు. ఇంజినీరు కింద పడుకుని కారు పొట్టకూ నేలకూ మధ్య చెయ్యి పెట్టి చూశాడు. నాలుగు వేళ్లు పట్టింది. కమిటీ వెంట వచ్చిన గుమాస్తా దాన్ని "భూమితో సన్నిహిత సంబంధము" అని రాసుకున్నాడు.

వెనక సీటు చూపించి ఇక్కడ ఎందరు కూర్చోవచ్చని నేను అడిగాను. షోరూం మేనేజరు నిజాయితీపరుడు. అక్కడ మనుషులు కూర్చోరండీ, కోటు పెట్టుకుంటారని చెప్పాడు. గుమాస్తా రాసుకున్నాడు: రోగుల కోట్లకు ప్రత్యేక ఏర్పాటు గలదు.

బూదవ్వను ముందు సీట్లో కూర్చోమన్నారు. సీటు పీటంత ఎత్తులో ఉంది. చాలాసేపు దాన్ని చూసింది.

"ఇది గూసునుడా, పండుడా?" అని నన్నడిగింది.

మేనేజరు ఒక చెయ్యి, నేను ఒక చెయ్యి పట్టుకుని మెల్లగా వదిలాం. జారి లోపల పడింది. మోకాళ్లు గదవ దగ్గరికి వచ్చాయి. కమిషనర్ వంగి, ఎలా ఉందమ్మా అన్నాడు. దించుమన్నది. దించలేకపోయాం. నేను లాగాను, మేనేజరు లాగాడు, ఇంజినీరు అవతలి తలుపు నుంచి వీపు తోశాడు. అరగంట. ఈలోగా గుమాస్తా తన పని తాను చేసుకున్నాడు: "లబ్ధిదారు వాహనమున ప్రవేశించిన పిదప దిగుటకు సుముఖత చూపలేదు." సంతృప్తికి పూర్తి మార్కులు.

లోపల్నుంచి బూదవ్వ, "సారూ, నేను చెప్పేది గూడ రాస్కో. ఇండ్ల పండవెట్టి తీస్కపోతరు గనీ నిలవెట్టి దించలేరు," అన్నది.

"పడుకొను సౌకర్యమును ప్రత్యేకంగా గుర్తించినారు," అన్నాడు కమిషనర్. అది కూడా రాసుకున్నారు.

ఎర్రదే కొన్నారు.

ఒక సోమవారం పొద్దున కాలనీ మొగదల రిబ్బను కట్టారు. ఇన్నాళ్లూ చెత్త ట్రాక్టరు నడిపిన ఖాజామియాను దానికి డ్రైవరుగా వేశారు. స్టీరింగు వెనక బందీలా కూర్చున్నాడు. మొదటి వంతు బూదవ్వది, అభిప్రాయం చెప్పింది ఆమే కాబట్టి. మిగతా ఐదుగురు చప్పట్లు కొట్టడానికి వచ్చారు. షేర్ ఆటోలకు ఆ పూట కాలనీలోకి అనుమతి లేదు, ఫొటోలో పడతాయని.

ఇక్కడ మా రోడ్డు గురించి చెప్పాలి. కాలనీ నుంచి హైవే దాకా కిలోమీటరు. దాని మీద పద్నాలుగు స్పీడు బ్రేకర్లు. ఎవరి ఇంటి ముందు వాళ్లు వేయించుకున్నారు, ఒక ఇంటికి పడితే పక్కింటికి పౌరుషం వచ్చి. మా ఊళ్లో దరఖాస్తు పెట్టిన రోజే జరిగే పని అదొక్కటే, ఎందుకంటే దానికి ముందు ఫైళ్లు దొంతరగా ఉన్నాయి.

మొదటి స్పీడు బ్రేకర్ కారు దాటింది. రెండోదాని మీద కిందనుంచి ఏదో గీసుకున్న చప్పుడైంది, అందులో హుందాతనం లేదు. మూడోదాని మీద ఆగిపోయింది. పొట్ట స్పీడు బ్రేకర్ మీద, ముందు చక్రాలు ఒక పక్క గాల్లో, వెనక చక్రాలు ఇంకో పక్క. బూదవ్వ ముందుకు వంగితే కారు ముందుకు వాలుతోంది, ఖాజామియా వెనక్కి జరిగితే వెనక్కి. పన్నెండుమంది పట్టి ఎత్తాం. నూనె కారుతోంది. ఆ రోజు ఆరుగురికీ డయాలసిస్ తప్పింది.

మధ్యాహ్నం నేను హనుమాండ్లు బల్ల ముందు నిలబడి కేకలు వేశాను. ఆయన వినలేదు, రాస్తున్నాడు. పదకొండింటికి నోటు మొదలుపెట్టాడట, నేను పోయేసరికి సంతకాలన్నీ అయిపోయాయి. కారును షోరూం వర్క్‌షాపుకు తీసుకుపోవడానికి పెద్ద లారీ మంజూరైంది.

ఆరుగురు మనుషులకు వ్యాను ఇవ్వడానికి ఏడు నెలలు చేశారు, కారుకు లారీ పూటలో ఎట్లా వచ్చిందని అడిగాను.

"చైర్మన్ సార్ కారు రెండుసార్లు లారీ ఎక్కింది కనకయ్యా. ముందు ఫైలు బలంగ ఉన్నది," అన్నాడు. తాను రాసిన నోటు నా ముందుకు తోశాడు. తోయాల్సిన పని లేదు. తోశాడు.

చదివాను. కారు వెంట లారీలో సంరక్షకులు ఉండవలెను. చక్రమునకు ఒకరు, తలుపునకు ఒకరు. సంరక్షకులు కాలనీ వాసులై ఉండిన ఉత్తమము. పురపాలక ఆస్తి రాత్రిపూట పురపాలక హద్దు దాటి ఉండరాదు, కావున మరమ్మతు పూర్తియగు వరకు ప్రతిసారీ అదే రోజు వెనుకకు తేవలెను. కింద హనుమాండ్లు చేతి రాత: విదేశీ కార్ల మిస్త్రీ వర్క్‌షాపుకు వచ్చేది సోమ, బుధ, శుక్రవారాలు మాత్రమే.

నాలుగు చక్రాలు, రెండు తలుపులు. నేను రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను.

వర్క్‌షాపు జిల్లా ఆస్పత్రికి ఎదురుగా రోడ్డుకు అవతలి పక్క.

బుధవారం పొద్దున ఏడింటికి లారీ వచ్చింది. వెనక బల్లలు దించి కారును ఎక్కించారు. ఆ బల్లల మీదుగానే బూదవ్వ నడిచి ఎక్కింది, నడుము వంచకుండా. తలుపు ఎంత పెద్దదంటే లారీ వెనక భాగం అంత. ఆరుగురూ చాపలు పరుచుకుని కారుకు వీపు ఆనించి కూర్చున్నారు. ఆఫీసు తరఫున తలా ఒక పచ్చ గుడ్డ ఇచ్చారు, దారిలో దుమ్ము పడితే తుడవడానికి. లారీ ఆ పద్నాలుగు స్పీడు బ్రేకర్లనూ పట్టించుకోలేదు. మిస్త్రీ కారు కింద దూరే సమయానికి వీళ్లు మిషన్ల మీద పడుకున్నారు. ఆయన చేతులు కడుక్కునే సమయానికి దిగి రోడ్డు దాటి వచ్చారు.

రెండు నెలలు అట్లా నడిచింది. ఒక్క రోజు తప్పలేదు. కాళ్ల ఉబ్బు దిగింది. బూదవ్వ మళ్లీ గడప దగ్గర కూర్చుని బీడీలు చుట్టడం మొదలుపెట్టింది. ఆస్పత్రిలో నర్సు, ఏ బండిలో వస్తున్నారమ్మా అని అడిగితే, "కారుకు బాగలేదు, అందుకని వస్తున్నం," అన్నదట. నర్సుకు అర్థం కాలేదు, ఆమెకు ముందు ఫైలు తెలియదు కదా.

కమిషనర్ పైకి నివేదిక పంపాడు. స్పోర్ట్స్ కూపే కొనుగోలు చేసిన నాటి నుండి డయాలసిస్ రోగుల హాజరు నూటికి నూరు శాతమునకు చేరినది. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. మిగతా మునిసిపాలిటీలు కూడా పరిశీలించాలని పై నుంచి ఉత్తరం వచ్చింది. ఆయనకు శాలువా కప్పారు.

తర్వాత ఉపద్రవం వచ్చింది. కారు బాగైపోయింది.

మిస్త్రీ పనిమంతుడు, ఆయన్ను ఏమీ అనడానికి లేదు. కారుకు మళ్లీ దెబ్బ తగలకుండా కమిషనర్ పద్నాలుగు స్పీడు బ్రేకర్లనూ ఒక్క రోజులో తవ్వించాడు. లారీ రద్దయింది. గోడకు వంతుల పట్టిక అతికించారు. రోజుకు ఒక్క రోగి. వారానికి మూడు రోజులు, ఆరుగురు మనుషులు, అంటే ఒక్కొక్కరికి రెండు వారాలకోసారి వంతు. మధ్యలో ఐదు రోజులు తప్పుతాయి. మూడో రోజు గురించే మాట్లాడని కాలనీ అది.

సోమవారం బూదవ్వను కారులో కుక్కి తీసుకుపోయారు. ఇరవై నాలుగు నిమిషాల్లో ఆస్పత్రి. కమిషనర్ గడియారం చూసుకుని మురిసిపోయాడు. మిగతా ఐదుగురు పచ్చ గుడ్డలు చేతిలో పట్టుకుని రోడ్డు మీద నిలబడి ఉన్నారు. షేర్ ఆటోవాళ్లు ఈ రెండు నెలల్లో ఆ దారి మానుకుని వేరే దారి పట్టారు.

మధ్యాహ్నం తిరిగొచ్చిన బూదవ్వ ఇంటికి పోలేదు. నేరుగా సంఘం ఆఫీసుకు వచ్చి బల్ల మీద కూర్చుంది.

"అయిదు మంచాలు కాలీగున్నయ్ కనకయ్యా," అన్నది. "నర్సమ్మ అడిగింది, మీ వాళ్లేరని. ఏం చెప్పుదు?" నా కలం తీసి నా ముందు పెట్టింది. "నీకు రాసుడొస్తది గదా. ఆ కారును మళ్ల పండవెట్టు."

ఇరవై ఏళ్లుగా నేను రోడ్లు బాగు చేయమని రాసినవాణ్ని. గుంతలు పూడ్చమని, ఎత్తుపల్లాలు తీయమని నిరాహార దీక్ష చేసినవాణ్ని. మంగళవారం పొద్దున హనుమాండ్లు బల్ల మీద ఒక కాగితం పెట్టాను. ఒకే వాక్యం. బీడీ కాలనీ మలుపు వద్ద ఒక స్పీడు బ్రేకర్ వేయించగలరు.

హనుమాండ్లు అద్దాలు పెట్టుకుని చదివాడు. మళ్లీ చదివాడు.

"ముందు ఫైలు?"

"పద్నాలుగున్నయ్ సార్."

లేచి బీరువా తెరిచి అన్నిటికన్నా లావుది తీశాడు. తాడు విప్పి, నా కాగితం దాని మీద పెట్టి కట్టాడు. కొలతల గడి దగ్గర కలం ఆగింది.

"ఎత్తు ఎంత రాయమంటవ్?"

షోరూంలో ఇంజినీరు నేల మీద పడుకుని కారు పొట్ట కింద పెట్టిన చెయ్యి నాకు గుర్తుంది.

"ఐదు వేళ్లు రాయండి సార్."

ఆయన నా మొహం వైపు చూశాడు. తర్వాత కిటికీలోంచి కింద నీడలో ఆపి, ముసుగు కప్పి ఉంచిన ఎర్ర కారు వైపు చూశాడు. తల వంచి, గుండ్రటి అక్షరాలతో ఆరు అని రాశాడు.

సాయంత్రానికి తారు పోశారు. బుధవారం పొద్దున ఆరున్నరకు కారు దాని మీద పొట్ట ఆనించి ఆగిపోయింది. ఏడింటికి లారీ వచ్చింది.

బల్లలు ఎక్కే ముందు బూదవ్వ లారీ పక్కన నిలబడి, ఒక్కొక్కరినీ చేత్తో తట్టి పేరు పెట్టి పిలిచింది. నాలుగు చక్రాలు, రెండు తలుపులు. ఒక్కటీ తక్కువ కాలేదు. ఆమె పచ్చ గుడ్డ భుజాన వేసుకుని, ఆఖరున ఎక్కింది.